ఎలుకలకు భయం నేర్పి చేసే ప్రయోగాలు పీటీఎస్‌డీ ఉన్న మనుషులకు నిజంగా పనికొస్తాయా?

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన ఏడాది హైవే మీద మా అన్నయ్య కారుని లారీ వెనకనుంచి గుద్దింది. ఒంటికి తగిలిన దెబ్బలు మానిపోయాయి. మనిషి మాత్రం మునుపటి మనిషి కాలేదు. డాక్టరు గారు పీటీఎస్‌డీ అన్నారు, అంటే పెద్ద ప్రమాదం తర్వాత మనిషిని వదలకుండా పట్టుకునే మానసిక సమస్య. మందులు వాడుతున్నాడు, కౌన్సెలింగ్‌కి కూడా వెళ్తున్నాడు. ఆ గదిలో హారన్ల రికార్డింగ్ పెడితే మొదట్లో వణికిపోయేవాడు, ఇప్పుడు కుదురుగా కూర్చుని వింటున్నాడట. కానీ రోడ్డెక్కాక లారీ ఎయిర్ హారన్ వినపడిందంటే చెమటలు పట్టేస్తాయి, బండి పక్కకి ఆపేస్తాడు. ఇంట్లో పెద్దవాళ్ళు "ఇన్నాళ్ళూ పోసిన డబ్బంతా దండగే" అనేదాకా వచ్చారు.

నిన్న ఒక వీడియో చూశాను. శాస్త్రవేత్తలు ఎలుక మెదడులోంచి భయాన్ని చెరిపేశారని అందులో చెప్పారు. మనుషులకి అలాంటి చికిత్స ఏమైనా వస్తోందా? అసలు ఎలుకకి పీటీఎస్‌డీ రావడమేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంట్లో చాలా టెన్షన్‌గా ఉంది.

---

బెంగళూరు_ల్యాబు | సోమవారం, రాత్రి 10:31

కృష్ణాతీరం గారూ, నేను పీహెచ్‌డీలో చేసింది ఈ పనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీరు చూసిన వీడియో 2009లో టొరాంటోలో షీనా జోస్లిన్ బృందం చేసిన పని గురించో, ఆ దారిలో తర్వాత వచ్చిన వాటి గురించో అయ్యుండాలి. వాళ్ళు చిట్టెలుకల మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగంలో కొన్ని కణాలను భయం జ్ఞాపకంలో చేరేలా ముందే సిద్ధం చేశారు. తర్వాత ఎలుకకు భయం నేర్పి, ఆ కణాలను మాత్రమే చంపేశారు. ఆ భయం పోయింది. జన్యువులు మార్చిన జంతువు, మెదడులోకి సూదితో పంపిన వైరస్, విషంతో చంపిన కణాలు, ఇవన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. ఒక జ్ఞాపకం ఫలానా కణాల గుంపు మీద ఆధారపడి ఉంటుందని రుజువు చేయడానికి చేసిన ప్రయోగం అది. మనిషికి చికిత్సగా దాన్ని ఊహించుకోకండి.

మీ అన్నయ్యకి పనికొచ్చే సంగతి ఇంకా పాతది, ఇంకా మామూలుది. ప్రయోగం ఎలా ఉంటుందో చెబుతాను. ఒక చిన్న పెట్టె, అడుగున వరసగా స్టీలు కడ్డీలు, పైన కెమెరా, గోడకి స్పీకరు. ఎలుకను వదలగానే మూలమూలా వాసన చూస్తుంది, వెనక కాళ్ళ మీద లేచి గోడలు తడుముతుంది. కాసేపయ్యాక 20, 30 సెకన్ల పాటు ఒక టోన్ వస్తుంది. అది ఆగే ముందు కడ్డీల్లో ఒక్క సెకను కరెంటు పెడతాం, సుమారు అర మిల్లీఆంపియరు నుంచి ఒక మిల్లీఆంపియరు దాకా. ఇలా కొన్నిసార్లు. మర్నాడు కరెంటు లేకుండా టోన్ ఒక్కటే వినిపించినా ఎలుక ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మీసం కూడా కదలదు. ఊపిరికి పక్కటెముకలు లేచి పడటం ఒక్కటే తెరమీద కనిపిస్తుంది. దీన్ని ఫ్రీజింగ్ అంటాం. ఎన్ని సెకన్లు అలా ఉందన్నదే మా కొలత.

ఆ తర్వాత షాక్ లేకుండా టోన్ పదేపదే వినిపిస్తాం. క్రమంగా బిగుసుకోవడం తగ్గిపోతుంది. దీని పేరు ఎక్స్‌టింక్షన్. కౌన్సెలింగ్ గదిలో మీ అన్నయ్యకి హారన్ వినిపిస్తున్నదీ ఈ సూత్రం మీదే.

ఇప్పుడు ముఖ్యమైన మాట. భయం తగ్గిందంటే చెరిగిపోయిందని కాదు. పాత రంగు మీద కొత్త సున్నం వేసినట్టు, కింద పాతది ఉంటూనే ఉంటుంది. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన కుక్కల్లోనే ఇది చూశాడు: తిండి సంకేతానికి నోరూరడం ఆగిపోయాక కూడా, కొంత వ్యవధి ఇస్తే ఆ స్పందన దానంతటదే తిరిగొచ్చేది. 1979లో మార్క్ బౌటన్, రాబర్ట్ బోల్స్ ఎలుకల్లో ఇంకో సంగతి చూపించారు. ఒక పెట్టెలో భయం నేర్పి, గోడలూ వాసనా వేరుగా ఉన్న ఇంకో పెట్టెలో ఆ భయం తగ్గించి, మళ్ళీ మొదటి పెట్టెలో పెడితే భయం తిరిగొచ్చింది. అంటే "ఈ శబ్దం ప్రమాదం" అన్న పాఠాన్ని ఎలుక ఎక్కడికైనా మోసుకుపోతుంది. "ఈ శబ్దంతో ఏమీ కాదు" అన్న పాఠం మాత్రం నేర్చుకున్న చోటికే అతుక్కుని ఉంటుంది.

గదిలో కుదురుగా ఉండి రోడ్డు మీద వణికిపోవడం అంటే ట్రీట్‌మెంట్ దండగైనట్టు కాదండీ. గదిలో పాఠం ఒంటబట్టింది. అది ఇంకా రోడ్డు దాకా రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ఒక్క మాట చెప్పి చూడండి.

---

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10:58

సార్, మీరు రాసింది అన్నయ్యకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. ఇంకేమీ అనలేదు కానీ మొహంలో కాస్త తేడా కనిపించింది. చాలా థాంక్స్.

---

మూగజీవి | మంగళవారం, ఉదయం 7:15

కృష్ణాతీరం గారూ, మీ అన్నయ్య త్వరగా కోలుకోవాలి. నా మాట ప్రయోగం చేసేవాళ్ళని ఉద్దేశించి.

కరెంటు పెట్టి ఒక జీవిని భయపెట్టడం, ఆ భయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవడం, చివర్లో చంపి మెదడు కోయడం. బెంగళూరు_ల్యాబు గారు చివరి భాగం రాయలేదు, నేను రాస్తున్నాను. పావ్‌లోవ్ కాలంలోనే తెలిసిందని మీరే అన్నారు. తెలిసిపోయాక కూడా ఏటా ఎందుకు చెయ్యాలి? ఎలుక నోరు తెరిచి వద్దనలేదు కాబట్టేగా?

---

లెక్కలమాస్టారు | మంగళవారం, ఉదయం 8:02

మూగజీవి గారి ప్రశ్న నైతికం. నాది శాస్త్రం లోపలి నుంచే.

పీటీఎస్‌డీ అన్న పేరు అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ పుస్తకంలోకి ఎక్కింది 1980లో. దాని లక్షణాలు ఒకసారి చదవండి. పీడకలలు, వద్దన్నా కళ్ళముందుకొచ్చే దృశ్యాలు, "నావల్లే జరిగింది" అన్న అపరాధభావం, మనుషుల మీద నమ్మకం పోవడం. ఇందులో ఎలుకను అడిగి తెలుసుకోగలిగింది ఏముంది? ఉలికిపాటు కొలవచ్చు, తప్పించుకు తిరగడం కొలవచ్చు, నిద్ర కొలవచ్చు. అక్కడితో సరి.

ఎలుకల్లో బ్రహ్మాండంగా కనిపించినవి మనుషుల దగ్గరికొచ్చేసరికి ఏమయ్యాయో చూద్దాం. ఒత్తిడి హార్మోన్ల గొలుసుకి మొదట్లో ఉండే సీఆర్‌ఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందు మీద ఎలుకల పరిశోధన వల్ల ఎన్నో ఆశలుండేవి. పీటీఎస్‌డీ ఉన్న ఆడవాళ్ళ మీద పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు లేదు. భయం జ్ఞాపకాన్ని ఒకసారి గుర్తుచేసి కదిపి, కొద్ది వ్యవధిలో ఎక్స్‌టింక్షన్ చేస్తే భయం తిరిగి రాదని 2009లో ఎలుకల్లో, 2010లో మనుషుల్లో గొప్ప పత్రికల్లో వచ్చింది. 2020లో బెల్జియంలోని ల్యూవెన్ బృందం పద్ధతి ముందే నమోదు చేసి మళ్ళీ చేసి చూస్తే మనుషుల్లో ఆ ఫలితం రాలేదు. అమెరికాలో పీటీఎస్‌డీకి అధికారికంగా ఆమోదం ఉన్న మందులు ఇప్పటికీ సెర్ట్రలీన్, పారాక్సెటీన్, ఈ రెండే. రెండూ డిప్రెషన్ కోసం వచ్చినవి. భయం పెట్టె లోంచి పుట్టినవి కావు.

ఇన్ని దశాబ్దాల ఎలుకల పనికి ఇది చాలా తక్కువ ఫలితమని నా అభిప్రాయం.

---

బెంగళూరు_ల్యాబు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

ఇద్దరికీ జవాబు చెప్పాలి.

మూగజీవి గారూ, అవును, చివర్లో చంపుతాం. మెదడును పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూడకపోతే ఏ కణం మారిందో తెలియదు. దీన్ని దాచాల్సిన పని లేదు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద ఏర్పడిన కమిటీ ఒకటుంది. ప్రతి సంస్థలోనూ జంతు నైతిక కమిటీ ఉండాలి. అందులో బయటి శాస్త్రవేత్త, శాస్త్రవేత్త కాని ఒక వ్యక్తి, కేంద్ర కమిటీ ప్రతినిధి ఉంటారు. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, తక్కువతో ఎందుకు కాదు, అన్నీ రాసి ఒప్పించాకే మొదలుపెట్టాలి. మా ల్యాబులో కొత్తవాళ్ళ చేత ముందు కడ్డీల మీద చెయ్యి పెట్టించేవాళ్ళు. చురుక్కుమంటుంది, చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇదంతా చెప్పినంత మాత్రాన మీ ప్రశ్న తీరిపోదని నాకు తెలుసు. ఎలుక ఒప్పుకోలేదన్నది నిజం.

మళ్ళీ మళ్ళీ ఎందుకు అన్నారు. భయం తిరిగొస్తుందని పావ్‌లోవ్‌కి తెలుసు. ఎక్కడినుంచి తిరిగొస్తుందో, ఏది ఆపుతుందో తెలియదు. 1980ల నుంచి జోసెఫ్ లెడూ, మైకేల్ డేవిస్ లాంటివాళ్ళు శబ్దం చెవి నుంచి అమిగ్డలా దాకా ఏ దారిన పోతుందో ఒక్కో మలుపూ వెతికారు. 2002లో ప్యూర్టో రికోలో మొహమ్మద్ మిలాద్, గ్రెగ్ క్వర్క్ ఎలుక మెదడు ముందు భాగంలో, మధ్యగా ఉండే ఒక చిన్న ప్రాంతం చూపించారు. ఎక్స్‌టింక్షన్ జరిగిన మర్నాడు టోన్ వినగానే అక్కడి కణాలు ఎంత చురుగ్గా ఉంటే భయం అంత తక్కువ. భయాన్ని అణిచిపెట్టే జ్ఞాపకం పలికేది అక్కడే.

మాస్టారూ, మందుల లెక్క మీరు సరిగ్గానే చెప్పారు. నాకు తేడా కనిపించేది ఇక్కడే. అదే మిలాద్ తర్వాత బోస్టన్‌లో పీటీఎస్‌డీ ఉన్న మనుషుల మీద దాదాపు ఇదే ప్రయోగం చేసి 2009లో ప్రకటించారు. వాళ్ళు భయం తగ్గించుకోవడం మొదటి రోజు మామూలుగానే నేర్చుకున్నారు. మర్నాడు ఆ పాఠం గుర్తుకు రాలేదు. స్కానర్‌లో ఎలుకలో చూసిన ప్రాంతానికి సాటి వచ్చే చోటే చురుకు తక్కువగా ఉంది. పీటీఎస్‌డీ అంటే భయం ఎక్కువగా పుట్టడం ఒక్కటే కాదు, తగ్గించుకున్నది నిలబడకపోవడం కూడా అని తేలింది. ఎలుక దగ్గర ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే మనిషి దగ్గర ఎక్కడ వెతకాలో తెలిసేది కాదు.

ఎలుకకి పీటీఎస్‌డీ వస్తుందని నేను అనను. లెడూ కూడా అనరు. ప్రమాదానికి శరీరం స్పందించే తీరూ, "నాకు భయంగా ఉంది" అన్న అనుభూతీ ఒకటి కావనీ, ఎలుకలో మనం చూడగలిగేది మొదటిదేననీ ఆయనే గట్టిగా వాదిస్తున్నారు. ఎలుకను ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. ప్రమాదాన్ని ఎలా నేర్చుకుంటావు, అది పోయిందని ఎలా నేర్చుకుంటావు? అంతకు మించి అడిగినప్పుడల్లా మనం దెబ్బతిన్నాం.

---

పాతసైనికుడు | మంగళవారం, సాయంత్రం 6:45

ఈ చర్చ చదువుతుంటే నా మనసులో చాలా ఏళ్ళుగా ఉన్న ప్రశ్న అడగాలనిపించింది. నేను సైన్యంలో పనిచేసి రిటైరయ్యాను. ఒకే వాహనంలో ఉన్నాం, ఒకే పేలుడు. అందరం బతికాం. నాతో పాటు ఉన్న మిగతావాళ్ళు కొన్ని వారాలు నిద్రపట్టక తిప్పలు పడి తేరుకున్నారు. ఒక కుర్రాడు తేరుకోలేదు. మా అందరికంటే ధైర్యం ఉన్నవాడు. వాడిని పిరికివాడన్నారు. నాకు ఈనాటికీ కష్టంగా ఉంటుంది. ఎందుకు అతనికే?

పెట్టెలో ఎలుకలన్నీ ఒకేలా భయపడితే ఈ ప్రశ్నకి జవాబు ఎలా దొరుకుతుంది?

---

మనోమిత్ర | మంగళవారం, రాత్రి 8:10

పాతసైనికుడు గారూ, నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుని. ఆ అబ్బాయి ధైర్యానికీ దీనికీ సంబంధం లేదండీ, ముందు ఆ మాట. ఇది మామూలుగా జరిగేదే. 1995లో అమెరికాలో వెలువడిన పెద్ద సర్వేలో మగవాళ్ళలో 60 శాతం, ఆడవాళ్ళలో 51 శాతం జీవితంలో ఎప్పుడో ఒక తీవ్రమైన ఘటనకి గురైనవాళ్ళే. పీటీఎస్‌డీ వచ్చింది మగవాళ్ళలో 5 శాతానికి, ఆడవాళ్ళలో 10 శాతానికి. ఎక్కువమంది తేరుకుంటారు. కొందరికి ఆ తేరుకోవడం జరగదు.

మీ ప్రశ్నే ఇజ్రాయెల్‌లో హగిత్ కోహెన్, జోసెఫ్ జోహర్ అనే పరిశోధకులు ఎలుకల దగ్గర అడిగారు. వాళ్ళు కరెంటు వాడలేదు. పిల్లి మలమూత్రాలతో తడిసిన ఇసుక మీద ఎలుకలను 10 నిమిషాలు ఉంచారు. ఎలుకకు అది చాలా భయంకరమైన వాసన. వెంటనే పరీక్షిస్తే దాదాపు అన్నీ బెదిరిపోయి ఉంటాయి. వారం తర్వాత చూస్తే ఎక్కువ శాతం మామూలైపోతాయి. సుమారు నాలుగో వంతు మాత్రం అలాగే ఉండిపోతాయి. నేల నుంచి ఎత్తులో కూడిక గుర్తు ఆకారంలో ఉండే దారి మీద వదిలితే, గోడలున్న కొమ్మల్లోనే నక్కి ఉంటాయి, తెరిచి ఉన్న కొమ్మ మీదకి కాలు పెట్టవు. చిన్న చప్పుడుకే ఎగిరి పడతాయి.

అంతకుముందు చాలా ల్యాబులు అన్ని ఎలుకలనూ కలిపి సగటు తీసేవి. సగటు తీస్తే ఆ నాలుగో వంతు కనబడకుండా పోతుంది. మీ దళంలో అందరినీ కలిపి లెక్కిస్తే ఆ అబ్బాయి కనబడనట్టే. నాకు ఈ పని మీద గౌరవం అందుకే.

---

డల్లాస్_నర్సు | మంగళవారం, రాత్రి 11:55

ఇక్కడ టెక్సాస్‌లో మాజీ సైనికులు వచ్చే వార్డులో పనిచేశాను. నా కళ్ళముందు కనిపించిన ఇంకో సంగతి అడుగుతాను. చాలామందికి ఘటన జరిగిన రోజుల్లో ఏమీ ఉండదు. ఇంటికొస్తారు, ఉద్యోగంలో చేరతారు. నెలల తర్వాత మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు "అప్పుడు బాగానే ఉన్నాడుగా, ఇప్పుడేమిటి నాటకం" అంటారు. ఎలుకల్లో ఇది కనిపిస్తుందా?

---

బెంగళూరు_ల్యాబు | బుధవారం, ఉదయం 6:50

డల్లాస్_నర్సు గారూ, కనిపించింది. అదీ మన దగ్గరే. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ బృందం 2005లో ప్రకటించిన పని అది. ఎలుకను ఒక్కసారి, రెండు గంటలు మాత్రమే కదలకుండా కట్టడి చేశారు. మర్నాడు చూస్తే అమిగ్డలా కణాల్లో ఏ మార్పూ లేదు, ప్రవర్తనలోనూ లేదు. 10 రోజుల తర్వాత చూస్తే ఆ కణాల కొమ్మల మీద కొత్త ముళ్ళు మొలిచి ఉన్నాయి. ముల్లు అంటే ఇంకో కణంతో అతుకు పడే చోటు. ఎలుక ఆందోళన కూడా అప్పుడే పెరిగింది. మధ్యలో ఆ ఎలుకకు ఇంకేమీ జరగలేదు. ఆ ఒక్క రెండు గంటలే లోపల పనిచేసుకుంటూ పోయాయి.

ఇదే బృందం అంతకుముందు రోజూ రెండు గంటల చొప్పున 10 రోజులు ఒత్తిడి పెట్టి చూసింది. చోటునీ సందర్భాన్నీ గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్‌లో కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. అమిగ్డలాలో అవే కొమ్మలు పెరిగాయి. తర్వాత 21 రోజులు ప్రశాంతంగా వదిలేస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది. అమిగ్డలా కోలుకోలేదు. నేను ఆ ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. ఒకే మెదడు, ఒకే ఒత్తిడి. ఒక చోట కొమ్మ ఎండింది, ఇంకో చోట చిగురించింది.

"అప్పుడు బాగానే ఉన్నాడుగా" అనేవాళ్ళకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. అప్పుడు బాగానే ఉన్నాడు, నిజమే. లోపల మొలకెత్తుతోంది.

దీనికి కొనసాగింపు కూడా ఉంది. తాగే నీళ్ళలో ఒత్తిడి హార్మోను కలిపి ఇచ్చిన ఎలుకల్లో, ఆలస్యంగా వచ్చే ఆ మార్పు రాలేదని 2012లో వాళ్ళే చూపించారు. ఒత్తిడి హార్మోను కాపాడటం వినడానికి తలకిందులుగా ఉంటుంది. అంతకుముందే ఐసీయూలో ప్రాణాపాయంలో ఉన్న రోగులకు హైడ్రోకార్టిసోన్ ఇచ్చినప్పుడు వాళ్ళలో తర్వాత పీటీఎస్‌డీ తక్కువగా కనిపించిందని జర్మనీ డాక్టర్లు గమనించి ఉన్నారు. అంటే ఇక్కడ మనుషుల్లో కనిపించిన దానికి కారణం ఎలుకలో వెతికారు.

---

వరంగల్_విద్యార్థిని | బుధవారం, మధ్యాహ్నం 12:30

నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నా. ఒక డౌటు. మనోమిత్ర మేడమ్ చెప్పిన సర్వేలో ఆడవాళ్ళకి రెండింతలు వస్తుందని ఉంది. మరి ఈ ప్రయోగాల్లో ఆడ ఎలుకలు ఉన్నాయా? మా ల్యాబ్ మాన్యువల్‌లో ఎప్పుడూ "మగ విస్టార్ ఎలుకలు" అనే ఉంటుంది (విస్టార్ అంటే ల్యాబుల్లో వాడే ఒక రకం ఎలుక).

---

మనోమిత్ర | బుధవారం, మధ్యాహ్నం 2:05

చాలా మంచి ప్రశ్న అమ్మా. ఈ రంగం సిగ్గుపడాల్సిన చోట వేలు పెట్టావు. చాలా కాలం దాదాపు అన్నీ మగ ఎలుకలే. ఆడవాటికి నాలుగైదు రోజుల హార్మోన్ల చక్రం ఉంటుంది, ఫలితాలు చెదిరిపోతాయని చెప్పేవాళ్ళు. అమెరికాలో నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ సంస్థ ఆడ, మగ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాల్సిందేనని నిబంధన అమల్లోకి తెచ్చింది 2016లోనే.

చూడటం మొదలుపెట్టగానే ఏం బయటపడిందో విను. బోస్టన్‌లో రెబెకా షాన్‌స్కీ ల్యాబు 2015లో ఆడ ఎలుకలను కూడా అదే పెట్టెలో పెట్టింది. వాటిలో దాదాపు 40 శాతం టోన్ వినగానే బిగుసుకుపోవడానికి బదులు పెట్టెలో ఒక్కసారిగా దూసుకుపోయాయి. మగవాటిలో అలా చేసినవి 10 శాతం దాకా. కొలిచేది ఫ్రీజింగ్ ఒక్కటే అయినప్పుడు దూసుకుపోయిన ఎలుక ఖాతాలో ఏం పడుతుంది? "భయం లేదు" అని పడుతుంది. ఆ ఆడ ఎలుక భయపడింది. మన కొలమానానికి అది కనబడలేదు.

నా క్లినిక్‌లో ఇది రోజూ గుర్తొస్తుంది. ఘటన తర్వాత స్తబ్దుగా కూర్చున్న మనిషిని చూసి పాపం అంటారు. ఒక్క నిమిషం కుదురుగా ఉండకుండా ఇంటిపని మీద పడిపోయే ఆవిడని చూసి "ఆవిడకేం, బాగానే ఉంది" అంటారు.

---

లెక్కలమాస్టారు | బుధవారం, సాయంత్రం 5:40

బుధవారం మధ్యాహ్నం వచ్చిన ఈ రెండు పోస్టులూ నా వాదనకే బలం ఇస్తున్నాయి అనుకుంటాను. కొలమానం ఇరుకుగా ఉంటే ఫలితం కూడా ఇరుకే. అయితే ఒకటి ఒప్పుకుంటాను. కోహెన్ చేసినట్టు సగటు వదిలి ఏ ఎలుక తేరుకోలేదో వెతకడం, ఆడ ఎలుకలను చేర్చడం, ఇవి సరైన దిశ. నిధులు ఆ వైపు పోవాలి. "భయం చెరిపేశాం" అనే వీడియోల వైపు కాదు.

బెంగళూరు_ల్యాబు గారికి ఇంకో ప్రశ్న. ఎలుకల నుంచి నేరుగా మనుషుల చికిత్సలోకి వచ్చి, కొద్దిగానైనా నిలబడిన మందు ఒక్కటైనా ఉందా?

---

బెంగళూరు_ల్యాబు | బుధవారం, రాత్రి 9:15

దగ్గరగా వచ్చింది డి-సైక్లోసెరీన్. పాత టీబీ మందు. డేవిస్ బృందం 2002లో ఎలుకలకు ఎక్స్‌టింక్షన్‌కి ముందు ఇస్తే పాఠం గట్టిగా నిలిచింది. 2004లో కెరీ రెస్లర్ తదితరులు ఎత్తు అంటే భయం ఉన్న 27 మంది మీద పరీక్షించారు. వర్చువల్ రియాలిటీలో, అంటే కంప్యూటర్ సృష్టించిన దృశ్యంలో, గాజు లిఫ్టు ఎక్కించారు. మందు తీసుకున్నవాళ్ళకి భయం ఎక్కువ తగ్గింది. మేమంతా పొంగిపోయాం. తర్వాత ఎన్నో అధ్యయనాలు కలిపి చూస్తే లాభం చిన్నదే అని తేలింది. కారణాల్లో ఒకటి ఇది: మందు ఎక్స్‌టింక్షన్‌ని గుర్తుపట్టి దానికే బలం ఇవ్వదు. సెషన్ బాగా జరిగితే ఆ పాఠానికి బలం వస్తుంది. సెషన్లో రోగి భయం దిగకుండానే ముగిస్తే ఆ భయానికే బలం వస్తుంది.

మందుల్లో ఇంతే. ఎక్కువ వచ్చింది చికిత్స చేసే పద్ధతిలో. ఎక్కడ చెయ్యాలి, ఎన్ని చోట్ల చెయ్యాలి, ఎంత ఎడంతో చెయ్యాలి అన్నవి.

---

మూగజీవి | గురువారం, ఉదయం 7:30

అన్నీ చదివాను. నా అభ్యంతరం పోలేదు, పోదు కూడా. కానీ ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. ఆడ ఎలుకలను వదిలేసి ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాలు, సగటు తీసి అసలైన నాలుగో వంతును పోగొట్టుకున్న ప్రయోగాలు. ఆ ఎలుకల ప్రాణాలకి ఎవరు జవాబు చెబుతారు? ప్రయోగం సరిగ్గా రూపొందించకపోవడం కూడా హింస కాదా?

---

బెంగళూరు_ల్యాబు | గురువారం, ఉదయం 9:05

హింసే. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు చెప్పిన మూడు సూత్రాలు మా రంగంలో అందరూ వల్లిస్తారు. జంతువు లేకుండా చెయ్యగలిగితే అలా చెయ్యి, తక్కువ జంతువులతో చెయ్యి, తక్కువ బాధతో చెయ్యి. జవాబు ఇవ్వలేని ప్రయోగం ఆ మూడింటినీ కాలరాస్తుంది. నైతిక కమిటీల్లో లెక్కలమాస్టారి లాంటివాళ్ళు ఒకరు తప్పకుండా ఉండాలని నేను కోరుకుంటాను. ఎన్ని ఎలుకలు అన్న ప్రశ్నకి ముందు, ఈ ప్రయోగం అసలు ఏం చెప్పగలదు అని అడిగేవాళ్ళు కావాలి.

---

కృష్ణాతీరం | శనివారం, రాత్రి 8:20

అందరికీ ఒక అప్‌డేట్. అన్నయ్యతో కలిసి థెరపిస్టు గారి దగ్గరికి వెళ్ళాను. ఈ చోటు మార్పు సంగతి అడిగితే, తను కూడా తర్వాతి మెట్టు అదే అనుకుంటున్నానన్నారు. వచ్చే వారం నుంచి ఆగి ఉన్న కారులో కూర్చుని హారన్ వినడం. అది కుదిరాక సర్వీస్ రోడ్డు, పగటిపూట. ఆ తర్వాత హైవే, లారీలు తక్కువుండే వేళ. అన్నయ్య నన్ను పక్కన కూర్చోమంటున్నాడు. నేనుంటే ధైర్యంగా ఉంటుందట. ఇందులో చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా? తనంతట తను ఆదివారం ఒకసారి వెళ్ళొస్తానంటున్నాడు, వెళ్ళనివ్వచ్చా?

---

మనోమిత్ర | శనివారం, రాత్రి 9:45

ఆదివారం వెళ్ళనివ్వకండి. థెరపిస్టు గారు వేసిన మెట్లు దాటొద్దు. మధ్యలో భయం తట్టుకోలేక వెనక్కి వచ్చేస్తే, తప్పించుకున్నాను కాబట్టి బతికాను అన్న పాఠమే గట్టిపడుతుంది. మొదలుపెట్టిన చోట భయం కొంతైనా దిగేదాకా ఆగాలి.

సెషన్‌కి ముందు టెన్షన్ తగ్గడానికని ఆల్ప్రజోలామ్ లాంటి మాత్ర ఏదైనా వేసుకుంటుంటే థెరపిస్టు గారికీ, సైకియాట్రిస్టుకీ తప్పకుండా చెప్పండి. మీ అంతట మీరు ఆపెయ్యకండి. పీటీఎస్‌డీలో ఆ రకం మాత్రలు వద్దనే చాలా మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా "మాత్ర వేసుకున్నాను కాబట్టి ఏమీ కాలేదు" అన్న నమ్మకం ఏర్పడుతుంది.

రెండు, మూడు వారాలు ఏ కారణంగానైనా గ్యాప్ వస్తే భయం కొంత తిరిగొస్తుంది. పావ్‌లోవ్ కుక్కల్లో చూసినదే. ఇంట్లోవాళ్ళకి ఇది ముందే చెప్పి ఉంచండి, అప్పుడు మళ్ళీ దండగ అన్న మాట రాదు. ఒకే రోడ్డు, ఒకే వేళ పట్టుకుని ఉండకుండా చోట్లు మారుస్తూ ఉంటే పాఠం ఎక్కడికైనా వెంటొచ్చే అవకాశం ఎక్కువ.

ఇక మీరు పక్కన కూర్చోవడం. మొదట్లో కూర్చోండి, తప్పు లేదు. అయితే మీరు కూడా ఆ చోటులో భాగమైపోతారు. "తమ్ముడు ఉంటే ప్రమాదం లేదు" అని నేర్చుకుంటే, మీరు లేని రోజు భయం మళ్ళీ వస్తుంది. అందుకని ఒక దశలో మీరు వెనక సీట్లోకి మారాలి, తర్వాత వేరే బండిలో వెనకాల రావాలి, చివరికి ఇంట్లో ఉండిపోవాలి. ఆ మార్పులు ఎప్పుడెప్పుడన్నది థెరపిస్టు గారిని అడిగి ఇప్పుడే ప్లాన్‌లో రాయించండి.